దెయ్యానికి దుప్పటి చాలు

హాలోవీన్ నాడు అమెరికా పిల్లలు దెయ్యాలకు భయపడరు. భయపడేది తల్లిదండ్రులు. అదీ దెయ్యాన్ని చూసి కాదు, దాని మెడకు వేలాడే ధర చీటీని చూసి. వేసవి ముగుస్తుండగానే, మూతపడిన షాపుల ఖాళీ హాళ్లలో వేషాల దుకాణాలు వెలుస్తాయి. ఒక్క స్పిరిట్ హాలోవీన్ సంస్థే ఉత్తర అమెరికాలో ఇలాంటి తాత్కాలిక దుకాణాలను వెయ్యికి పైగా తెరుస్తుంది. లోపల గోడ పొడవునా ప్లాస్టిక్ సంచుల్లో మడిచిపెట్టిన యువరాణులు, స్పైడర్‌మ్యాన్లు, అస్థిపంజరాలు. పేరున్న పాత్రయితే ముప్పై, నలభై డాలర్లు పలకడం మామూలే. ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే లెక్క వంద డాలర్ల దరిదాపుల్లోకి వెళుతుంది. ఇంతా చేసి, అక్టోబర్ 31న ఒక్క సాయంత్రం, మహా అయితే మూడు గంటల ముచ్చట.

ఒక్క జీతంతో నడిచే ఇంటికి ఆ వంద డాలర్లు చిన్న మొత్తం కాదు. డాలస్ శివార్లలోనో, న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనో కొత్తగా కాపురం పెట్టిన తెలుగు కుటుంబానికైతే అద్దె, కారు వాయిదా, ఊరికి పంపాల్సిన డబ్బు తర్వాతే మరేదైనా. మన పండుగ కాదులే అని కొట్టిపారేయడం తేలికే. కానీ రెండో తరగతి పిల్లకు అది మన పండుగా, వాళ్ల పండుగా అన్న తేడా తెలియదు. వీధిలో పిల్లలంతా గుంపుగా తలుపులు తడుతూ వెళుతుంటే తానొక్కతే కిటికీలోంచి చూడాల్సి వస్తుందన్నదే దాని దిగులు. అందుకే బడ్జెట్ వేషం అనేది తమాషా విషయమేమీ కాదు. పిల్లను గుంపులో కలిపే టికెట్ అది.

ఆ టికెట్ ధర తక్కువేమీ కాదు. అమెరికా చిల్లర వ్యాపారుల జాతీయ సమాఖ్య 2023లో జరిపిన సర్వే ప్రకారం ఆ ఏడాది హాలోవీన్ ఖర్చు అంచనా 1,220 కోట్ల డాలర్లు. అందులో వేషాల వాటా 410 కోట్లు. పిల్లల వేషాలకు 140 కోట్లయితే పెద్దల వేషాలకు 200 కోట్లు. మరో 70 కోట్లు కుక్కలు, పిల్లుల వేషాలకు. గుమ్మడికాయ తొడుగులో దిక్కులు చూసే బొచ్చుకుక్కకు పండుగ సంగతి తెలియకపోవచ్చు కానీ మార్కెట్‌కు మాత్రం దాని సైజు తెలుసు.

తమాషా ఏమిటంటే ఇది పుట్టుకతోనే డబ్బుల్లేని వాళ్ల పండుగ. ఐర్లండ్, స్కాట్లండ్ పల్లెల్లో పంట కోతలు ముగిసి చలికాలం మొదలయ్యే వేళ సౌయిన్ అనే పాత కెల్టిక్ పండుగ జరిగేది. ఆ రాత్రి ఆత్మలు తిరుగుతాయని నమ్మకం. తర్వాత క్రైస్తవం నవంబర్ 1ని సర్వ పునీతుల దినంగా చేసుకుంది. దాని ముందు రోజు సాయంత్రమే హాలోవీన్. పిల్లలు ఇంట్లోని పాత బట్టలు తిరగేసి తొడుక్కొని, ముఖాలకు పొయ్యి మసి పూసుకొని, టర్నిప్ దుంపను తొలిచి అందులో దీపం పెట్టుకొని ఇల్లిల్లూ తిరిగేవారు. ఓ పాట పాడితే ఓ ఆపిలో, గుప్పెడు గింజలో, చిల్లర డబ్బో దక్కేది. మసికి ఖర్చేముంది? 1840లలో బంగాళాదుంప కరువు తరిమితే లక్షల మంది ఐరిష్ ప్రజలు ఓడలెక్కి అమెరికా చేరారు. వాళ్ల మూటల్లో ఈ ఆచారమూ వెళ్లింది. అక్కడ టర్నిప్ కన్నా పెద్దగా, తొలవడానికి సులువుగా గుమ్మడికాయ దొరికింది.

చాలాకాలం అమెరికాలోనూ వేషమంటే ఇంటి సరుకే. 1903 నాటి కథతో 1944లో వచ్చిన 'మీట్ మీ ఇన్ సెయింట్ లూయిస్' సినిమాలో హాలోవీన్ రాత్రి పిల్లలు తొడుక్కునేవి పెద్దల పాత కోట్లు, టోపీలే. మసాచుసెట్స్‌కు చెందిన డెనిసన్ కంపెనీ 1909 నుంచి చిన్న పుస్తకాలు అచ్చువేసి క్రేప్ కాగితంతో వేషాలు ఎలా కుట్టుకోవాలో నేర్పింది. కంపెనీ లాభం కాగితం అమ్మకంలో ఉంది. కుట్టే పని మాత్రం గృహిణిదే.

1930లలో బెన్ కూపర్ లాంటి కంపెనీలు రంగంలోకి దిగాక కథ మారింది. ముందు సెల్లోఫేన్ కిటికీ ఉన్న అట్టపెట్టె. అందులో పల్చటి ప్లాస్టిక్ ముఖం, దానికో రబ్బరు తాడు, పైన తొడుక్కోవడానికో గౌను. విచిత్రమేమిటంటే చాలా వేషాల్లో ఆ గౌను పాత్ర వేసుకునే దుస్తుల్లా ఉండదు. ఛాతీ మీద ఆ పాత్ర బొమ్మ, పేరు అచ్చువేసి ఉంటాయి. తానెవరో పిల్లవాడు నటించి చూపించనక్కర్లేదు. చొక్కా చదువుకుంటే చాలు. రెండో ప్రపంచ యుద్ధకాలపు చక్కెర రేషన్ 1947లో ఎత్తేశాక 'ట్రిక్ ఆర్ ట్రీట్' దేశమంతా పాకింది. టీవీ వచ్చింది. ఇంటి మసి స్థానంలో స్టూడియో లైసెన్సు కూర్చుంది.

చేత్తో వేషం కట్టదలచినవాళ్లు మొదట వదిలించుకోవాల్సింది ఈ లైసెన్సు మోజునే. దుకాణపు వేషం పాత్రను అచ్చుగుద్దాలని చూస్తుంది. ఇంటి వేషం ఆ పోటీకి దిగితే ఓడిపోతుంది. దాని బలం వేరు. వేషమంటే నకలు కాదు, గుర్తు. ఈ సంగతి తెలుగువారికి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. స్కూలు ఫ్యాన్సీ డ్రెస్ పోటీలో నెమలి పింఛం, పిల్లనగ్రోవి ఉంటే కృష్ణుడు. గుండ్రటి కళ్లజోడు, చేతికర్ర ఉంటే గాంధీ. మిగతాదంతా చూసేవాళ్ల ఊహ పూరిస్తుంది. పగటి వేషగాళ్ల అర్ధనారీశ్వరుడిలో ఒకే మనిషి ఒంటికి సగం శివుడు, సగం పార్వతి. చేతిలోని గుడ్డ తెర అటు నుంచి ఇటు మారిస్తే పాత్ర మారిపోతుంది. రెండు పాత్రలకు అయిన అదనపు ఖర్చు ఓ తెర గుడ్డ.

ఇదే సూత్రం హాలోవీన్‌కూ పనికొస్తుంది. పాత్రను ఎంచుకోగానే వేయాల్సిన ప్రశ్న ఒకటే. దేన్ని చూసి దీన్ని గుర్తుపడతారు? పిల్లికి చెవులు, తోక. హ్యారీ పాటర్‌కు కళ్లజోడు, నుదుట మెరుపు గీత. మంత్రగత్తెకు కోసుగా ఉండే నల్ల టోపీ. ఆ ఒకటి రెండు గుర్తుల మీద శ్రద్ధ పెడితే చాలు. మిగతాదంతా బీరువాలోంచి వస్తుంది.

బీరువాలో మొదట వెతకాల్సింది తలకు టోపీ అతికి ఉండే స్వెట్‌షర్ట్. అక్టోబర్ ఆఖరుకి అమెరికాలో చాలాచోట్ల చలి మొదలవుతుంది. దుకాణంలో కొన్న పల్చటి యువరాణి గౌను మీద చివరికి తల్లి బలవంతాన కోటు తొడగాల్సి వస్తుంది. నలభై డాలర్ల యువరాణి కోటు కింద కనబడకుండా పోతుంది. స్వెట్‌షర్ట్ ఆ గొడవ లేకుండా చేస్తుంది. బూడిద రంగుదైతే ఎలుక, గోధుమ రంగుదైతే ఎలుగుబంటి, నల్లదైతే గబ్బిలం. దాని టోపీకి ఫెల్ట్ గుడ్డతో చెవులు కత్తిరించి నాలుగు కుట్లు వేస్తే పని ముగిసింది. ఫెల్ట్‌కు అంచులు పోగులు ఊడవు కాబట్టి మడిచి కుట్టే బాధ లేదు. పాత టీషర్ట్ గుడ్డకూ ఇదే సుగుణం ఉంది. తోక కావాలంటే పాత మేజోడులో చింకి గుడ్డలు కూరి పిన్నీసుతో తగిలిస్తే సరి. నవంబర్ 1న కుట్లు విప్పేస్తే స్వెట్‌షర్ట్ మళ్లీ స్కూలుకు వెళుతుంది. అంటే వేషానికి అసలు ఖర్చు ఆ ఫెల్ట్ ముక్కదే.

దిష్టిబొమ్మ ఇంకా చౌక. పొలం గట్ల మీద దాన్ని చూసి పెరిగిన తల్లిదండ్రులకు నమూనా వెతుక్కోవాల్సిన పనిలేదు. నాన్న పాత గళ్ల చొక్కా, మోకాళ్ల దగ్గర చిరిగిన ప్యాంటు, నడుముకు తాడు. చేతుల అంచుల్లోంచి, మెడ దగ్గర నుంచి గడ్డిలా బయటికి వచ్చేలా గోధుమ రంగు కాగితపు సంచిని పీలికలుగా కత్తిరించి దోపాలి. బుగ్గల మీద రెండు ఎర్రటి గుండ్రాలు. 1939 నాటి 'ద విజర్డ్ ఆఫ్ ఆజ్' సినిమా పుణ్యమా అని అమెరికాలో ఈ బొమ్మను గుర్తుపట్టని ఇల్లుండదు.

అట్టపెట్టె రోబో మరో పాత కాపు. తలకు, చేతులకు రంధ్రాలు, పైన వంటింటి అల్యూమినియం రేకు, మీటలుగా సీసా మూతలు. అయితే పెట్టెలో ఇరుక్కున్న పిల్లవాడు కారు సీట్లో కూర్చోలేడు, మెట్లు చూడలేడు. అందుకే పెట్టె అడుగు తీసేసి, మోకాళ్లకు పైనే ఆగేలా కత్తిరించి, భుజాలకు పట్టీలతో వేలాడదీస్తే తేలిగ్గా తీసి మళ్లీ తగిలించుకోవచ్చు. మమ్మీ వేషం వేసేవాళ్లు టాయిలెట్ పేపర్ చుట్టి మోసపోతుంటారు. పది అడుగులు నడిస్తే అది చిరిగిపోతుంది. చిరిగిన తెల్ల దుప్పటిని పీలికలు చేసి, టీ డికాక్షన్‌లో ముంచి ఆరబెడితే వేల ఏళ్ల నాటి రంగు వస్తుంది. వాటిని వేలాడనివ్వకుండా పాత పైజమా జత మీద కుట్టేయాలి.

ఇక అన్నిటికన్నా పాతది, అన్నిటికన్నా సులువైనది దుప్పటి దెయ్యం. స్పీల్‌బర్గ్ 1982 నాటి 'ఈ.టీ.' సినిమాలో గ్రహాంతరవాసిని హాలోవీన్ నాడు అందరి కళ్లెదుటే ఇల్లు దాటించింది ఓ తెల్ల దుప్పటే. కానీ దాన్నీ చెడగొట్టవచ్చని 1966లో టీవీలో వచ్చిన చార్లీ బ్రౌన్ కార్టూన్ చూపించింది. కత్తెర అదుపు తప్పి పాపం అతగాడి దుప్పటి నిండా రంధ్రాలే. కాబట్టి దుప్పటిని పిల్లవాడి మీద కప్పి, కళ్ల స్థానంలో పెన్సిల్‌తో గుర్తు పెట్టి, తీసి కింద పరచిన తర్వాతే కత్తిరించాలి. లోపల ఓ పాత క్యాప్ పెట్టి దుప్పటిని దానికి కుట్టేస్తే రంధ్రాలు కళ్ల మీద నుంచి జారిపోవు. అంతకన్నా మంచి పద్ధతి ముఖమంతా బయటికి కనిపించేలా గుండ్రంగా కత్తిరించి, ముఖానికి తెల్ల రంగు పూయడం. అంచు చీలమండకు పైనే ఆగాలి.

ముఖానికి పూసే రంగు దగ్గర తెలుగిళ్లు ఓ జాగ్రత్త తీసుకోవాలి. పిల్లి మీసాలకు చేతికందేది కాటుక భరిణే. కానీ కాటుక, సుర్మా వంటి వాటిలో సీసం ఉండే ప్రమాదం ఉందని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ చాలాకాలంగా హెచ్చరిస్తోంది. అలంకరణ సామగ్రిలో రంగుగా వాడేందుకు అక్కడ వాటికి అనుమతి కూడా లేదు. ముఖానికి వాడదగినదని రాసి ఉన్న రంగు చిన్న డబ్బా కొనడమే మేలు. డబ్బు ఆదా చేయకూడని చోటు ఇదొకటి.

మరో చోటు వెలుతురు. 1975 నుంచి 2016 దాకా 42 ఏళ్ల అమెరికా రోడ్డు ప్రమాదాల లెక్కలను పరిశీలించిన ఓ వైద్య పరిశోధన 2019లో ప్రచురితమైంది. మామూలు సాయంత్రాలతో పోలిస్తే హాలోవీన్ సాయంత్రం పాదచారుల మరణాల ముప్పు 43 శాతం ఎక్కువని తేలింది. నల్ల గబ్బిలం చీకట్లో డ్రైవర్‌కు కనబడదు. వేషం వెనకా ముందూ వెలుగును తిప్పికొట్టే టేపు ముక్క అతికించాలి. చేతిలో చిన్న టార్చి ఉండాలి. చూపుకు అడ్డొచ్చే మాస్క్ కన్నా ముఖానికి రంగే నయం. మంట సంగతీ మరవకూడదు. 2014లో బ్రిటన్‌లో ఓ ప్రముఖ టీవీ వ్యాఖ్యాత కూతురి హాలోవీన్ దుస్తులకు కొవ్వొత్తి అంటుకొని ఆ పాప తీవ్రంగా గాయపడింది. అవి దుకాణంలో కొన్నవే. పిల్లల వేషాలను చట్టం దుస్తులుగా కాక ఆట వస్తువులుగా చూస్తోందని, రాత్రి దుస్తులకుండే కఠిన నిబంధన వాటికి లేదని అప్పుడే దేశానికి తెలిసింది. ఇంట్లో కుట్టినా కొన్నా సూత్రం ఒకటే. వేలాడే పల్చటి గుడ్డ, కాగితం తగ్గించాలి. గుమ్మడికాయలో కొవ్వొత్తి బదులు బ్యాటరీ దీపం పెట్టాలి. దీపావళి కూడా అదే రోజుల్లో వస్తుంది. 2024లో అయితే రెండూ అక్టోబర్ 31నే వచ్చాయి. ప్రమిదల మధ్య తిరిగే దుప్పటి దెయ్యానికి ఓ కాపలా మనిషి తప్పనిసరి.

ఆ దీపావళి బట్టలే మరో ఆలోచన పుట్టిస్తాయి. కొత్త పట్టు లంగా ఎలాగూ ఉంది కదా, ఇండియన్ ప్రిన్సెస్ అని పంపిస్తే పోలా? పైసా ఖర్చు లేదు. కానీ ఒకరి సంస్కృతి మరొకరికి వేషం కాదంటూ 2011లో ఒహాయో యూనివర్సిటీ విద్యార్థులు పోస్టర్లు వేస్తే దేశవ్యాప్తంగా చర్చ జరిగింది. గుడికి వేసుకెళ్లే లంగాను దెయ్యాలు, మంత్రగత్తెల వరసలో నిలబెట్టడం ఆ పిల్లకు నచ్చుతుందో లేదో ముందు కనుక్కోవాలి. తనకు నచ్చితే ఇబ్బంది లేదు. నచ్చకపోతే ఆదా అయిన డబ్బు కన్నా మనసుకు తగిలే దెబ్బ పెద్దది.

చేత్తో చేస్తే చౌక అన్నది కూడా అన్నివేళలా నిజం కాదు. జిగురు తుపాకీ, నాలుగు రంగుల ఫెల్ట్, మెరుపుల పొడి, కొత్త బట్ట అంటూ క్రాఫ్ట్ దుకాణంలో బుట్ట నింపితే బిల్లు రెడీమేడ్ వేషాన్ని దాటిపోతుంది. అందుకే వెతికే వరస ముఖ్యం. ముందు ఇల్లు. తర్వాత ఇరుగుపొరుగు. ఆపైన గుడ్‌విల్, సాల్వేషన్ ఆర్మీ లాంటి వాడిన వస్తువుల దుకాణాలు. చిట్టచివర, తప్పనిసరైతే ఒక్క కొత్త వస్తువు. నిరుటి వేషాలను ఇచ్చిపుచ్చుకునే పద్ధతి కూడా చాలా ఊళ్లలో ఉంది. ఒకరి పొట్టిదైపోయిన డ్రాగన్ మరొకరికి కొత్తదే. పెరటికీ ఇది మంచిదే. బ్రిటన్‌లో ఏటా 70 లక్షల హాలోవీన్ వేషాలు చెత్తకుప్పకు చేరుతున్నాయని, దుకాణాల్లోని వేషాల ముడిసరుకులో 83 శాతం ప్లాస్టికేనని 2019లో రెండు స్వచ్ఛంద సంస్థలు లెక్కగట్టాయి.

డబ్బు కన్నా అరుదైనది సమయం. రెండు షిఫ్టులు చేసే తల్లికి సాయంత్రం కత్తెర పట్టుకొని కూర్చునే తీరిక ఎక్కడిది? ఆమెకు ఈ సలహాలన్నీ వెటకారంగా వినిపించవచ్చు. న్యూజెర్సీలోని సౌత్ ఆరెంజ్-మేపుల్‌వుడ్ స్కూల్ డిస్ట్రిక్ట్ 2023లో బడి వేళల్లో హాలోవీన్ వేడుకలు వద్దని నిర్ణయించినప్పుడు చెప్పిన కారణాల సారం అదే. కొందరికి మతం అడ్డు, కొందరికి డబ్బు అడ్డు. అందరూ కలవలేని పండుగ బడిలో ఎందుకన్నారు. పిల్లల సరదా కూడా చెడగొడతారా అంటూ రాష్ట్ర గవర్నరే విరుచుకుపడ్డారు. ఇద్దరి మాటలోనూ నిజముంది. అయితే పండుగను తీసేయడానికీ, నలభై డాలర్లు పెట్టడానికీ మధ్య మూడో దారి ఒకటుంది. పది నిమిషాల్లో అయ్యే వేషాన్ని కూడా గౌరవంగా చూడటం. తలుపు తెరిచిన పెద్దమనిషి దుప్పటి దెయ్యాన్ని చూసి, స్పైడర్‌మ్యాన్‌ను చూసినంత హడలు నటిస్తే చాలు. ఆ సాయానికి ఖర్చు లేదు.

హార్పర్ లీ 1960లో రాసిన 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' నవలలో చేత్తో చేసిన హాలోవీన్ వేషం ఒకటుంది. 1930ల ఆర్థిక మాంద్యం నాటి అలబామా పల్లెపట్టు. స్కూల్ ప్రదర్శనలో జిల్లా పంటలు, ఉత్పత్తుల వేషాలు. స్కౌట్ అనే చిన్నపిల్లకు పంది మాంసపు ముక్క వేషం దక్కుతుంది. ఊరి దర్జీ కోళ్ల గూటి తీగను వంచి, గోధుమ రంగు గుడ్డ చుట్టి, రంగు వేసి ఇస్తుంది. ఆ వేషం వల్ల పిల్లకు సరిగా కనబడదు, పరిగెత్తలేదు. ఇంటికి వచ్చే చీకటి దారిలో దాడి జరిగినప్పుడు కత్తి పోటుకు అడ్డుపడిందీ ఆ తీగ అల్లికే. ఇంటి వేషంలోని లోపం, బలం రెండూ ఆ ఒక్క కథలో ఉన్నాయి.

కోటి విద్యలు కూటి కొరకే అంటారు. హాలోవీన్ రాత్రి కోటి వేషాలూ మిఠాయి కొరకే. దిండు గలీబులో పడే చాక్లెట్ నలభై డాలర్ల యువరాణికీ ఒకటే, పాత దుప్పటి దెయ్యానికీ ఒకటే. తేడా మర్నాడు తెలుస్తుంది. కొన్న వేషం మళ్లీ సంచిలోకో, చెత్తబుట్టలోకో వెళుతుంది. దుప్పటి మాత్రం భోజనాల బల్ల మీద పరిస్తే గుడారమవుతుంది. కళ్ల కోసం కత్తిరించిన రంధ్రాలే దానికి కిటికీలు.